ముందు చక్రం దుంగ ఎక్కుతోంది, వెనుక చక్రం నన్ను విసిరేస్తోంది: ట్రయల్స్ బండి మీద దుంగ దాటడం ఎలా?

నత్తనడక (లీడ్స్, ఇంగ్లండ్):

మిత్రులకు నమస్కారం. ఉద్యోగరీత్యా యార్క్‌షైర్ వచ్చి స్థిరపడిన నేను ఏడాదిన్నరగా ట్రయల్స్ బండి నడపడం నేర్చుకుంటున్నాను. ఈ ఆట సంగతి తెలియనివారి కోసం ఒక్కమాట చెబుతాను. ఇందులో వేగానికి విలువ లేదు. రాళ్లు, వాగులు, బురద గట్లు, దుంగలు ఉన్న చిన్న దారిని, గుర్తులు పెట్టిన హద్దుల మధ్య నుంచి, కాలు నేలకు ఆనించకుండా దాటాలి. ఒకసారి కాలు పెడితే 1, రెండుసార్లు పెడితే 2, మూడుసార్లు గాని అంతకుమించి గాని పెడితే 3, పడిపోయినా హద్దు దాటినా 5. తక్కువ మార్కులు వచ్చినవారే విజేతలు. బండికి కూర్చునే సీటంటూ ఉండదు, నిలబడే నడపాలి. 1975లో మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్ అయిన మార్టిన్ లాంప్కిన్ మా యార్క్‌షైర్ వాడే కాబట్టి, ఇక్కడ పొలాల్లో ఈ బండ్లు కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. తెలుగువాడు కనిపిస్తే మాత్రం కాస్త చూస్తారు.

ఇక నా ఇబ్బంది. నాది ఒకరి దగ్గర కొన్న పాత మోంటెసా 4ఆర్‌టీ 260, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. మా క్లబ్బు వారు అనుమతి తీసుకుని సాధన చేసే పొలంలో మూడు స్ప్రూస్ చెట్ల దుంగలు ఉన్నాయి. వాటి మందం సుమారు 20, 30, 45 సెంటీమీటర్లు. మొదటిదాన్ని కళ్లు మూసుకుని దాటగలను. రెండోదాన్ని పది సార్లలో ఏడు సార్లు దాటుతున్నాను. మూడోదాని దగ్గరే నా పరువు పోతోంది. ముందు చక్రాన్ని లేపి దుంగ మీద పెట్టడం చక్కగానే వచ్చింది. ఆ తరువాత వెనుక చక్రం వచ్చి దుంగను తాకగానే బండి వెనుక భాగం గాడిద తన్నినట్టు పైకి లేచి నన్ను హ్యాండిల్ మీదకు నెడుతోంది. రెండు సార్లు ముందు చక్రం ఒక్కదాని మీదే కిందికి దిగి, ఎలా నిలబడ్డానో నాకే తెలియదు. వాన పడిన రోజున అయితే వెనుక చక్రం ఎడమకు జారి, బండి దుంగ పొడుగునా పడుకుంటోంది.

వేగం పెంచి చూశాను, తన్ను ఇంకా గట్టిగా తగిలింది. వేగం తగ్గించి చూశాను, ఇంజిన్ కింది రక్షణ పలక దుంగ మీద ఆనుకుని, రెండు చక్రాలూ చెరోవైపు వేలాడుతుండగా బండి తక్కెడలా ఊగుతూ ఆగిపోయింది. క్లబ్బులో పెద్దలను అడిగితే "ఇంకా కాస్త యాక్సిలరేటర్ ఇవ్వు" అంటారు. అది నాకు మందు కావడం లేదు. తప్పు ఎక్కడుందో, ఏ గేరులో వెళ్లాలో చెప్పగలరా?

మోకాలిచిప్ప (సియాటిల్, అమెరికా):

నత్తనడక గారికి నమస్కారం. వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో పద్నాలుగేళ్లుగా దుంగల మీద పడి లేస్తున్న వాడిని కాబట్టి నాకు తెలిసినది కాస్త విపులంగానే రాస్తాను. మీ తప్పు ముందు చక్రం దగ్గర లేదు. దుంగను బండి శక్తితోనే దాటాలన్న నమ్మకంలో ఉంది. మీరు ముందు చక్రానికి చేస్తున్న ఉపకారాన్ని వెనుక చక్రానికి చేయడం లేదు.

ట్రయల్స్ బండి చక్రాల ఇరుసు నేల నుంచి సుమారు 34 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే చక్రం వ్యాసార్ధం దాదాపు 34. గుండ్రటి దుంగకు చక్రం ఆనినప్పుడు, దుంగ కేంద్రం నుంచి ఇరుసు వైపుగా ఒక గీత గీస్తే, దుంగ ఆ గీత వెంటే చక్రాన్ని వెనక్కి నెడుతుంది. దుంగ చిన్నదైతే గీత నిటారుకు దగ్గరగా ఉండి, ఆ నెట్టుడు చక్రాన్ని పైకి లేపుతుంది. దుంగ లావైనకొద్దీ గీత అడ్డంగా పడుకుని, నెట్టుడంతా బండిని ఆపడానికే ఖర్చవుతుంది. లెక్క వేసి చూడండి. నేల మీద దొర్లుతూ వచ్చిన చక్రం 20 సెంటీమీటర్ల దుంగ ఎక్కడం మొదలు పెట్టాలంటే, ఆ చక్రం మీద పడుతున్న బరువుకు ఒకటిన్నర రెట్ల బలంతో ముందుకు తోయాలి. 30 దుంగకు అది రెండున్నర రెట్లకు కొద్దిగా తక్కువ. మీ 45 దుంగకు దాదాపు అయిదు రెట్లు. టైరు మెత్తదనాన్ని ఈ లెక్కలో కలపలేదు కాబట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ కావచ్చు గాని, కష్టం పెరిగే తీరు అదే. మన పల్లెల్లో ఎడ్లబండికి ఛాతీ ఎత్తు చక్రాలు పెట్టడంలో ఉన్న మర్మం కూడా ఇదే: ఇరుసు ఎంత పైన ఉంటే పొలం గట్టు అంత చిన్నదవుతుంది.

ఇప్పుడు ముందు చక్రాన్ని దుంగ తాకకముందే 15 సెంటీమీటర్లు పైకి లేపారనుకుందాం. అదే 45 దుంగకు కావలసిన తోపు అయిదు రెట్ల నుంచి రెండు రెట్లలోపుకు పడిపోతుంది. అంటే మీరు ఇప్పటికే దాటగలుగుతున్న 30 దుంగ కన్నా అది సులువైపోతుంది. చక్రం అప్పుడు దుంగ ఎత్తులో మూడింట రెండు వంతులు దాటిన చోట తాకుతుంది. అనుభవజ్ఞులు "పై మూడో వంతులో కొట్టు" అని చెప్పేది ఇందుకే. ఈ పని మీరు బాగానే చేస్తున్నారు. వెనుక చక్రం మాత్రం నేల మీద దొర్లుతూ వచ్చి, మీ బరువూ ఇంజిన్ తోపూ రెండూ మోస్తూ, నేరుగా దుంగ పొట్టలో గుద్దుకుంటోంది. వెనుక స్ప్రింగు పూర్తిగా కుంగి, ఎదురు తిరిగి విప్పుకుంటోంది. మీకు తగులుతున్న తన్ను అదే. వేగం పెంచితే తన్ను పెరగక మానుతుందా?

వెనుక చక్రాన్ని లేపేది యాక్సిలరేటర్ కాదు, మీ కాళ్లు. దుంగకు ఒక బండి పొడవు దూరంలో మోకాళ్లు వంచి కుంగండి. లేస్తూనే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి కొట్టి ముందు చక్రాన్ని లేపండి. ముందు టైరు దుంగను తాకిన క్షణాన ఇంకొకసారి, చిన్నగా, కొట్టండి. ముందు టైరు దుంగకు ఆని ఉండగా వెనుక నుంచి తోపు వస్తుంది కాబట్టి బండి వెనుక స్ప్రింగు కుంగుతుంది. వెంటనే యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి, స్ప్రింగు విప్పుకుంటున్న సమయానికే మీరూ కాళ్ల మీద పైకి లేవండి. ఫుట్‌రెస్టుల మీద బరువు తేలికైపోతుంది, వెనుక చక్రం తనంతట తాను పైకి తేలి దుంగ నెత్తి మీద వాలుతుంది. వాలేటప్పటికి మోకాళ్లు మళ్లీ వంగడానికి సిద్ధంగా ఉండాలి. అంటే కాళ్లు మొత్తం చాచేయకూడదు. బండిని మీ పొట్ట కిందికి రానిచ్చి, మీ నడుము ఉన్న ఎత్తులోనే ఉండిపోవాలి. ఇంజిన్ కింది అల్యూమినియం పలక దుంగను కాస్త రాసుకుంటూ పోతే కంగారు పడకండి, అది ఉన్నదే అందుకు.

ఇదంతా ఎంత సేపట్లో జరగాలి? రెండు చక్రాల నడుమ దూరం సుమారు 1.3 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్లు, అంటే మనిషి నడిచే వేగంతో వెళితే, ముందు చక్రం తాకిన తరువాత వెనుక చక్రం అక్కడికి చేరడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఒక్క సెకనులో ఆలోచించి చేయలేము కాబట్టి నేను నేర్చుకునే రోజుల్లో "కొట్టు, కట్టెయ్, లే" అని పైకే అనుకునేవాణ్ని. మా ఇంట్లో లైటు ఆర్పమనడానికి కట్టెయ్ అంటారు. కట్టె మీదకు రాగానే కట్టెయ్ అన్నమాట. పక్కన ఉన్న అమెరికా మిత్రులు అది ఏదో మంత్రం అనుకునేవారు.

నా సలహా ఏమిటంటే 45 దుంగను ఒక నెల మరిచిపోండి. 20 దుంగ దగ్గరకు తిరిగి వెళ్లి, వెనుక చక్రం తాకే ముందు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, క్లచ్ నొక్కి, వచ్చిన ఊపుతోనే దాటడం సాధన చేయండి. చక్రం తాకిన చప్పుడు వినపడకూడదు. ఒక మిత్రుణ్ని పక్క నుంచి వీడియో తీయమనండి. వెనుక టైరు దుంగను తాకే ఘడియలో మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో దానిలో చూడండి, ముఖం చూసుకోకండి. దుంగకు రెండు వైపులా మేకులో రాళ్లో దిగగొట్టి కదలకుండా చేయడం మరవవద్దు. చక్రం కింద దుంగ దొర్లితే ఏ విద్యా పనిచేయదు. మణికట్టుకు కట్టుకునే అయస్కాంతపు స్విచ్చు లేకుండా ఈ సాధన మొదలు పెట్టవద్దు. బండి చేజారి, యాక్సిలరేటర్ తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్‌ను ఆపేది అదొక్కటే.

గేరు మాటకొస్తే, ఒకటో గేరే నాకు అలవాటు.

ఫోర్‌స్ట్రోక్ పక్షపాతి (న్యూజెర్సీ):

పెద్దాయన చెప్పిన దానిలో తొంభై పాళ్లు ఒప్పుకుంటాను గాని, ఒకటో గేరు మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఆయన నడిపేది టూ స్ట్రోక్ అని నా అనుమానం. టూ స్ట్రోక్ బండిలో యాక్సిలరేటర్ మూస్తే చక్రం దాదాపు స్వేచ్ఛగా దొర్లుతుంది. 4ఆర్‌టీ లాంటి ఫోర్ స్ట్రోక్‌లో యాక్సిలరేటర్ మూసిన మరుక్షణం ఇంజిన్ బ్రేకులాగా చక్రాన్ని వెనక్కి పట్టుకుంటుంది. ఒకటో గేరులో ఆ పట్టు మరీ ఎక్కువ. ఆయన చెప్పినట్టు మీరు బుద్ధిగా మూసేసినా, క్లచ్ నొక్కకపోతే వెనుక చక్రం దుంగ ముందు బిగుసుకుని, పలక మీద బండి ఆగిపోతుంది. తక్కువ వేగంలో మీకు జరిగినదానిలో దీని వాటా కూడా ఉండి ఉంటుంది. అందుచేత ఫోర్ స్ట్రోక్ వారికి "కట్టెయ్" అన్న మాటలో రెండు పనులున్నాయి: కుడిచేయి మూయాలి, ఎడమచేతి చూపుడువేలు క్లచ్ లాగాలి. క్లచ్ మీద ఒక వేలు, ముందు బ్రేకు మీద ఒక వేలు ఎప్పుడూ ఉండాలి, మిగిలిన వేళ్లు హ్యాండిల్‌ను వదలకూడదు.

నేను రెండో గేరునే సిఫారసు చేస్తాను. కొట్టినప్పుడు కుదుపు తక్కువగా, మెత్తగా వస్తుంది, మూసినప్పుడు పట్టు తక్కువగా ఉంటుంది. దుంగకు ముందు ఇరుకు మలుపు ఉండి ఊపు తెచ్చుకునే చోటు లేనప్పుడు మాత్రమే ఒకటో గేరు.

ఇంకొక సంగతి మీరు రాయలేదు. టైర్లలో గాలి ఎంత? వెనుక 4 పీఎస్ఐ, ముందు 6 పీఎస్ఐ దరిదాపుల్లో ఉండాలి. రోడ్డు బండి అలవాటుతో చూసేవారికి అది పంక్చర్ అయినట్టే కనిపిస్తుంది. గాలి ఎక్కువైతే వెనుక టైరు దుంగను కౌగిలించుకోవడం మాని బంతిలా ఎగురుతుంది. మామూలు గేజి అంత తక్కువ పీడనాన్ని సరిగ్గా చూపదు కాబట్టి 15 పీఎస్ఐ వరకు మాత్రమే చూపే చిన్న గేజి కొనుక్కోండి.

మోకాలిచిప్ప (సియాటిల్, అమెరికా):

అనుమానం నిజమే, నాది బీటా కంపెనీ టూ స్ట్రోక్ ట్రయల్స్ బండి. ఇంజిన్ పట్టు గురించి మీరు చెప్పినది నాకు తట్టలేదు, సవరణకు కృతజ్ఞతలు. నత్తనడక గారు రెండో గేరునే వాడాలి.

అరకు దారి (విశాఖపట్నం):

చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. నా దగ్గర ట్రయల్స్ బండి లేదు, ఎక్స్‌పల్స్ 200 ఉంది. తుపాను గాలులకు అనంతగిరి వైపు తోటల దారుల్లో సిల్వర్ ఓక్ చెట్లు అడ్డంగా పడిపోతూ ఉంటాయి. ఇంతవరకు మేము నలుగురం దిగి, దుంగకు రెండు వైపులా రాళ్లూ కొమ్మలూ పేర్చి, ఒక్కొక్క బండినీ తోసుకుంటూ దాటిస్తున్నాము. పైన చెప్పిన రెండు దెబ్బల పద్ధతి మా బండికి పనికి వస్తుందా?

మోకాలిచిప్ప (సియాటిల్, అమెరికా):

అరకు దారి గారూ, ఇప్పుడు మీరు చేస్తున్నదే సరైన పని, దానిని చిన్నతనంగా భావించకండి. మా ట్రయల్స్ బండ్లు 70 కిలోలకు అటూ ఇటూ ఉంటాయి. మీది 150 కిలోలు దాటిన బండి, అడుగు భాగానికీ నేలకూ మధ్య ఖాళీ 220 మిల్లీమీటర్లు. మా బండ్లకు ఆ ఖాళీ 30 సెంటీమీటర్లకు పైనే. మీ బండిని 45 దుంగ మీద గుద్దిస్తే ముందుగా బలయ్యేది ఇంజిన్ అడుగు భాగమే. ఆ బరువును కాళ్లతో తేలిక చేయాలన్నా మనిషికి శక్తి చాలదు. 15, 20 సెంటీమీటర్ల దుంగ వరకు మాత్రం ఇదే పద్ధతిలో రెండో దెబ్బ మానేసి దాటవచ్చు. నిలబడి, ముందు చక్రాన్ని తేలిక చేసి ఎక్కించి, యాక్సిలరేటర్ మూసి, మోకాళ్లు వంచి వెనుక చక్రాన్ని రానివ్వడమే. అంతకు మించితే మీ రాళ్ల వంతెనే మేలు.

నత్తనడక (లీడ్స్, ఇంగ్లండ్):

అందరికీ కృతజ్ఞతలు. వెంటనే జవాబు రాయకుండా నాలుగు వారాంతాలు సాధన చేసిన తరువాత రాస్తున్నాను.

ముందుగా గాలి. కొత్త గేజి పెట్టి చూస్తే వెనుక టైరులో 8 పీఎస్ఐ ఉంది. ఏడాదిన్నరగా బండి కొన్ననాటి గాలితోనే తిరుగుతున్నానేమో. 4కు దించగానే 30 దుంగ దగ్గర తన్ను సగానికి సగం తగ్గింది. కొంత సిగ్గుగానూ ఉంది, కొంత కోపంగానూ ఉంది.

తరువాత వీడియో. వెనుక టైరు తాకే క్షణంలో నా కాళ్లు గడకర్రల్లా నిటారుగా బిగుసుకుని ఉన్నాయి. ముందు చక్రం ఎక్కిందన్న సంతోషంలో లేచి నిలబడిపోతున్నాను. అందువల్ల తన్ను వచ్చేసరికి వంగడానికి మోకాలే మిగలడం లేదు. అంతకన్నా ఆశ్చర్యం కలిగించినది ఇంజిన్ శబ్దం: మూసేశానని నేను ప్రమాణం చేసి చెప్పగలిగిన ప్రతిసారీ వీడియోలో అది మోగుతూనే ఉంది. కుదుపుకు ఒళ్లు వెనక్కి వెళ్లి, మణికట్టు దానంతట అదే యాక్సిలరేటర్‌ను తిప్పుతోంది. మోచేతులు పైకెత్తి, మణికట్టు కిందికి జారకుండా కాస్త ఎత్తుగా పట్టుకోవడం మొదలుపెట్టాక అది తగ్గింది.

రెండు వారాలు 20 దుంగ మీద క్లచ్ నొక్కి చప్పుడు లేకుండా దాటడమే చేశాను. మూడో వారం 30 మీద రెండో దెబ్బ కలిపాను. నాలుగో వారం 45ను పది ప్రయత్నాల్లో ఆరు సార్లు దాటాను. దానిలో రెండు సార్లు వెనుక చక్రం నిజంగానే తేలి, నెత్తి మీద వాలి, దిగిపోయింది. ఏం చేశానో నాకు పూర్తిగా అర్థం కాలేదు గాని, అది తన్ను కాదని మాత్రం అర్థమైంది.

వాన రోజు జారుడు మాత్రం తగ్గింది గాని పోలేదు. క్లచ్ నొక్కినా సరే, ఒక్కొక్కసారి వెనుక చక్రం ఎడమకే పోతోంది.

మోకాలిచిప్ప (సియాటిల్, అమెరికా):

ప్రతిసారీ ఎడమకే పోతోందంటే మీరు దుంగకు లంబంగా కాక కొంచెం ఏటవాలుగా వెళుతున్నారని అర్థం. టైరుకు ఉన్న పట్టు ఎంతో కొంత మాత్రమే. దాన్ని ముందుకు తోయడానికి వాడేస్తే పక్కకు జారకుండా ఆపడానికి ఏమీ మిగలదు. అందుకే తడి దుంగ మీద యాక్సిలరేటర్ తెరిచి ఉంచడం పాపం. దుంగ ఏటవాలుగా ఉంటే, యాక్సిలరేటర్ మూసినా, దుంగ నెట్టే దిశ పక్కకు ఉంటుంది కాబట్టి చక్రం ఆ వైపుకే తప్పుకుంటుంది. దుంగకు మూడు మీటర్ల ముందు నేల మీద ఒక పుల్లను దుంగకు లంబంగా పడుకోబెట్టి, దాని వెంటే బండిని నడపండి. చూపు దుంగ మీద కాకుండా దాని అవతల నాలుగైదు మీటర్ల దూరంలో నిలపండి. దారి హద్దుల వల్ల ఏటవాలుగానే దాటక తప్పనప్పుడు ముందు చక్రాన్ని దుంగకు తాకించకుండా ఏకంగా అవతలకు దాటించి, వెనుక చక్రాన్ని పూర్తిగా బరువు తీసేసి ఊపుతోనే రానివ్వాలి. అది ఇంకో ఏడాది పని.

బెరడును కూడా గమనించండి. మా వైపు పెరిగే డగ్లస్ ఫర్ చెట్టు బెరడు మందంగా, గరుకుగా ఉండి తడిలోనూ టైరుకు పట్టు ఇస్తుంది. బెరడు ఊడి తెల్లగా నునుపుదేరిన దుంగ మీద వాన పడితే అది సబ్బుబిళ్లే. సాధన చేసినకొద్దీ మీ మూడో దుంగ కూడా అలా తయారై ఉంటుంది. దాటే చోటును ఒక అడుగు పక్కకు జరిపి చూడండి.

నత్తనడక (లీడ్స్, ఇంగ్లండ్):

మీరు చెప్పినది నిజం. వెళ్లి చూస్తే దాటే చోట ఒక మూరెడు మేర బెరడు పూర్తిగా ఊడిపోయి ఉంది, మిగతా దుంగంతా గరుకుగానే ఉంది. పుల్ల పెట్టి చూస్తే నేను ఒక చెయ్యి మందం ఏటవాలుగా వెళుతున్నానని తేలింది.

మొన్న ఆదివారం క్లబ్బు పోటీలో ఒక దారి మధ్యలో 40 సెంటీమీటర్ల తడి దుంగ పెట్టారు. మా పోటీల్లో ఆగితే 5 కాబట్టి దుంగ ముందు నిలబడి ఊపిరి పీల్చుకునే వీలు లేదు. నాలుగు చుట్లలో నాకు వరుసగా 5, 3, 1, 1 వచ్చాయి. మొదటి చుట్టులో "కొట్టు" అన్నాక "కట్టెయ్" అనడం మరిచిపోయాను. చివరి చుట్టులో కాలు పెట్టింది దుంగ దగ్గర కాదు, దిగిన వెంటనే ఉన్న కుడి మలుపులో. దాని గురించి వేరే ప్రశ్న పెడతాను.